గోబర్ గ్యాస్ పెడితే పేడ బలం పోతుందా? లెక్కతో సహా చూద్దాం

పై వీడియోలో 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటులో పేడ కలపడం, స్లర్రీ బయటకు రావడం చూపించాను. దీని గురించి మా రోలుగుంట మండలంలో ఎక్కడ మాట్లాడినా ఒకటే ప్రశ్న వస్తుంది. "నేలకు పోవాల్సిన పేడని పొయ్యికి పెడితే ఇంకేం ప్రకృతి వ్యవసాయమండీ?" అని. ప్రశ్నలో న్యాయం ఉంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు పేడలోంచి ఏం పోతుందో చూడాలి. గాలి తగలని గొయ్యిలో సూక్ష్మజీవులు పేడని తిని గ్యాస్ వదులుతాయి. అందులో 55 నుంచి 65 శాతం మీథేన్, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. రెండూ కర్బనమే. అంటే పేడలో తేలిగ్గా అరిగే కర్బనం కొంత పొయ్యిలోకి పోతుంది, ఇది నిజమే. కానీ నత్రజని, భాస్వరం, పొటాష్ గ్యాస్‌తో పోవు. దాదాపు అన్నీ స్లర్రీలోనే ఉంటాయి. పైగా నత్రజనిలో కొంత అమ్మోనియా రూపంలోకి మారుతుంది కాబట్టి మొక్క త్వరగా అందుకుంటుంది.

ఇంకో మాట. మనం పోల్చాల్సింది దేనితో? మన పెరట్లో ఎండకీ వానకీ పడి ఉన్న గెత్తం కుప్పతో. ఆ కుప్పలోంచి కూడా కర్బనం గాలిలోకి పోతూనే ఉంటుంది, అమ్మోనియా ఆవిరవుతుంది, వానకి సారం కారిపోతుంది. అక్కడ పోయేదానికి మనకి ఒక్క పూట టీ కూడా కాగదు. పిడకలు చేసి కాలిస్తే నత్రజని మొత్తం పొగలో పోతుంది, పొగ ఇంట్లో ఆడవాళ్ళ కళ్ళల్లోకి పోతుంది.

ఇప్పుడు లెక్క. మన దేశవాళీ పశువు రోజుకి సుమారు 10 కేజీల పేడ వేస్తుంది. ఎకరానికి 200 లీటర్ల జీవామృతానికి కావాల్సింది 10 కేజీల పేడే. 15 రోజులకోసారి ఇస్తే నెలకి 20 కేజీలు. మూడెకరాలకి 60 కేజీలు. అయిదు పశువులు కట్టేసి ఉంటే నెలకి 1500 కేజీల పేడ వస్తుంది. మరి మిగతాదంతా ఏం చేస్తున్నాం? ఘన జీవామృతం చేసే నెలలో మాత్రం పేడ ఎక్కువ కావాలి. ఎకరానికి 200 కేజీల చొప్పున వేసే వాళ్ళకి మూడెకరాలకి కావాల్సిన 600 కేజీలకి కాస్త అటూఇటూగా అంతే పేడ పడుతుంది. ఆ నెల గ్యాస్ తగ్గుతుంది, సిలిండర్ వాడుకోవాలి. నేలకి ముందు, పొయ్యికి తర్వాత అని నా పద్ధతి.

ఒక ఘనపు మీటరు గ్యాస్ రావాలంటే సుమారు 25 కేజీల పేడ కావాలి. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకి రోజూ 50 కేజీల పేడ, అంతే నీరు. నలుగురైదుగురున్న ఇంటికి వంట సరిపోతుంది. వంటగ్యాస్‌తో పోలిస్తే ఒక ఘనపు మీటరు 450 గ్రాములకి కాస్త తక్కువే. అంటే ప్లాంటు నిండుగా పనిచేస్తే 14.2 కేజీల సిలిండరులో ఉండే వేడి 16, 17 రోజుల్లో వచ్చేస్తుంది. పశువుల్ని పగలంతా మేతకి తోలేవాళ్ళకి సగం పేడ బయటే పడిపోతుంది. వాళ్ళు ఒక ఘనపు మీటరుదే పెట్టుకోవాలి. పేడ చాలని పెద్ద ప్లాంట్లే ఊళ్ళల్లో మూలపడ్డాయి, టెక్నాలజీ చెడ్డదై కాదు.

మన వాతావరణం దీనికి బాగా కలిసొస్తుంది. ఈ సూక్ష్మజీవులకి 30 నుంచి 40 డిగ్రీల వేడి ఇష్టం. చలి దేశాల్లో గొయ్యిని వేడి చేయాలి. మన కోస్తాలో పేడ 30 రోజులు లోపల ఉంటే సరిపోతుందని లెక్క కట్టి కడతారు. పుష్య మాసం చలికి కొద్దిగా తగ్గుతుంది.

ఇనప డ్రమ్ము తేలే పాత మోడల్ కంటే 1984లో వచ్చిన దీనబంధు మోడలే నాకు నచ్చుతుంది. ఇటుక గుమ్మటం, అంతా భూమిలోపలే. తుప్పు బాధ లేదు. కానీ గుమ్మటం కట్టడం తెలిసిన మేస్త్రి కావాలి. సన్నటి పగులున్నా గ్యాస్ నిలవదు. కారిపోయే మీథేన్ భూమిని కార్బన్ డయాక్సైడ్ కంటే చాలా ఎక్కువ వేడెక్కిస్తుంది కూడా. సబ్సిడీ ఇప్పుడు ఎంత ఉందో కట్టకముందే నెడ్‌క్యాప్ వాళ్ళని అడగండి, కట్టాక కాదు.

మొదట్లో వచ్చే గ్యాస్ సరిగా మండదు. గాలి కలిసి ఉంటుంది, ప్రమాదం కూడా. దాన్ని ఆరుబయట వదిలేశాకే స్టవ్ వెలిగించాలి. సిలిండర్ స్టవ్ అలాగే తగిలిస్తే మంట రాదు, దీనికి రంధ్రం పెద్దదుండే బర్నరు కావాలి. ఫినాయిల్ కడిగిన నీళ్ళు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేసిన పశువు పేడ లోపలికి పోనివ్వొద్దు. మట్టి నేల మీద గీకిన పేడలో ఇసుక ఉంటుంది, అది అడుగున పేరుకుంటుంది. మూత్రం విడిగా పట్టుకోండి, అది జీవామృతానికి.

ఇక స్లర్రీ. దీంతో జీవామృతం చేయొచ్చా అంటే వద్దంటాను. జీవామృతానికి తాజా పేడలోని జీవరాశి కావాలి. గొయ్యిలో పెరిగేవి గాలి పడనివి. స్లర్రీని ఎరువుగానే చూడండి. ఎండబెడితే అమ్మోనియా ఎగిరిపోతుంది, అందుకని పచ్చిగానే వాడాలి. అందులో తేలిక కర్బనం తగ్గింది కాబట్టి పక్కన ఎండాకు ఉండాల్సిందే. మన దగ్గర చెరకు ఆకుకి కొదవ లేదు. కాల్చేయకుండా చాళ్ళలో పరిచి, దాని మీద స్లర్రీ పోస్తే ఆకు త్వరగా మగ్గుతుంది. (బెల్లం వండే చోట చెరకు పిప్పే పొయ్యిలో ఇంధనం. పంట నుంచి శక్తి తీయడం మనకి కొత్తేం కాదు.) పొలం ఖాళీ లేనప్పుడు నీడలో ఆకు పొర, స్లర్రీ పొరగా గుంటలో వేసుకోండి.

సోలార్ పంపు పెట్టమంటారా అని కూడా అడుగుతున్నారు. వ్యవసాయానికి పగలు 9 గంటల ఉచిత కరెంటు అందుతున్న చోట తొందర లేదు. కొండ పక్కన లైను రాని భూములకి మాత్రం 2019లో మొదలైన కుసుమ్ పథకం చూడాల్సిందే. 3 హెచ్‌పీ పంపుకి సుమారు 3 వేల వాట్ల పలకలు కావాలి.

గొయ్యి కట్టేవాళ్ళు చలికాలం పోయాక, మాఘం తర్వాత మొదటి పేడ నింపండి. మొదటిసారి 1500 కేజీల దాకా కావాలి, నెల ముందు నుంచే నీడలో, తడి ఆరకుండా పోగేయండి.