వినిపించు రంగులు

“తీయని పాట” యని మనము తరచుగా అందుము. పాటకు రుచి లేదని ఎరుగనివారము కాము. అది మాటలలోని సొగసు. కాని కొందరికి ఇట్టిది మాటల సొగసు మాత్రమే కాదు. శబ్దము చెవిని పడినంతనే వారికి రంగు తోచును. మరికొందరికి ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క వర్ణము కానవచ్చును. వారు కోరి కల్పించుకొనరు. అది తనంతట వచ్చును. శాస్త్రజ్ఞులు దీనిని సినస్థీషియా అందురు. ఇంద్రియ సమ్మేళనమని మనము చెప్పుకొనవచ్చును. ఇది రోగము కాదు. కొన్ని కుటుంబములలో ఒకరికంటె ఎక్కువమందికి ఉండుటయు కలదు. ఏ అక్షరమునకు ఏ రంగు తోచునని చాలకాలము తరువాత మరల అడిగినను, ఇట్టివారు ఇంచుమించు మొదటి రంగునే చెప్పుదురు.

ఈ గుణము చిత్రకళను ఎట్లు తీర్చిదిద్దునో తెలిసికొనుటకు వాసిలీ కాండిన్‌స్కీ జీవితమును పరిశీలింతము. 1866లో మాస్కోలో జన్మించిన ఆయన బాల్యమున పియానోను, చెల్లో అను తంత్రీవాద్యమును అభ్యసించెను. పిదప న్యాయశాస్త్రము చదివెను. మాస్కోలోని బొల్షోయ్ నాటకశాలలో వాగ్నర్ సంగీతనాటకము ‘లోహెన్‌గ్రిన్’ను వినుచుండగా, తన రంగులన్నియు మనోనేత్రమునకు గోచరించినవని ఆయన తరువాత వ్రాసికొనెను. 1896లో, 30 ఏండ్ల వయస్సున, చేతికందిన ఆచార్య పదవిని కాదని, చిత్రలేఖనము నేర్చుటకు మ్యూనిక్ నగరమునకు వెడలిపోయెను.

1911 జనవరిలో ఆ నగరమున షోన్‌బెర్గ్ సంగీతమును విని, ‘ఇంప్రెషన్ 3 (కచేరి)’ అను చిత్రమును వ్రాసెను. అందు పియానో ఒక నల్లని ఆకారము. శ్రోతలు కొన్ని వంగిన గీతలు. తక్కిన పటములో చాలభాగమును పసుపు వెల్లువ ముంచివేయును. కచేరి కంటికి ఎట్లుండెనో దాని వలన తెలియదు; చెవికి ఎట్లుండెనో తోచును. ఆ యేటి చివర వెలువడిన తన గ్రంథములో ఆయన లేత నీలమును వేణువుతోను, ముదురు నీలమును చెల్లోతోను, పసుపును బాకానాదముతోను పోల్చెను. తెలుపు ఏదో పుట్టనున్న మౌనమట. నలుపు ఆశ యుడిగిన మౌనమట.

ఆయనకు నిజముగా ఈ గుణము కలదా, లేక ఇది సిద్ధాంతమా యను విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. ఏదైనను, రంగు తోచుటతోనే చిత్రము సిద్ధింపదు. 1913 నాటి ‘కంపోజిషన్ 7’కు ముందు ఆయన 30కి పైగా నమూనాలు వ్రాసికొనెను. పిమ్మట ఆ విశాలమైన పటమును నాలుగు దినములలో ముగించెను. తోచిన దానిని నిలుపుటకు అంతటి సాధన కావలసివచ్చినది.

ఆయన చిత్రములను చూచి “ఇది ఏమి బొమ్మ?” అని అడిగినవారు పెక్కురు. రాగాలాపన వినునపుడు “ఇది ఏ వస్తువు?” అని మనము అడుగుచున్నామా? అందు మాట లేదు, కథ లేదు. అయినను మనస్సు కరగును. నాదమునకు ఒప్పుకొన్న ఆ స్వాతంత్ర్యమును రంగునకును ఇమ్మని ఆయన కోరెను.

ఇకమీదట రేడియోలో ఆలాపన సాగునపుడు పాఠకులు ఒకపరి కనులు మూసికొని చూతురుగాక. రంగు ఏదియు తోచకున్నను కొరత లేదు. అట్టి చిత్రము ఎదుటపడినపుడు, వస్తువును వెదకుటకు ముందు కొంతసేపు దానిని వినుట నేర్చినచో చాలునని మా తలంపు.