రామప్పలో రాయిని ఎంచిన కన్ను

హైటెక్ సిటీ నుంచి సెలవు రోజున వరంగల్ దారి పట్టే కార్లలో కొన్ని ములుగు జిల్లా పాలంపేట దాకా వెళ్తాయి. అక్కడి రుద్రేశ్వరాలయం, అంటే మన రామప్ప గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. వెళ్లినవాళ్లు మదనికలనే స్త్రీ శిల్పాలను చూసి శిల్పి చేతి నేర్పును మెచ్చుకుంటారు. ఆ మెప్పు న్యాయమే, కానీ అందులో సగానికి హక్కుదారు వేరే ఉంది. రామప్పలో ఉలికన్నా ముందు పనిచేసింది రాయిని ఎంచిన కన్ను.

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడికి గోడలు ఎర్రటి ఇసుకరాయివి. చూరు కింద ఏటవాలుగా నిలిచిన 12 మంది మదనికలు మాత్రం నల్లని డోలరైట్. ఈ తేడా ఎందుకో తెలియాలంటే గచ్చిబౌలి, రాయదుర్గం గుట్టల గ్రానైట్‌ను దగ్గరగా చూస్తే చాలు. అందులో స్ఫటికాలు విడివిడిగా కంటికి కనిపించేంత పెద్దవి. అలాంటి రాతిలో హారానికి, మెడకు మధ్య సందు తీయబోతే అంచు పొడిగా రాలిపోతుంది. డోలరైట్ కణాలు చాలా సన్నం, రాయి గట్టిది, సానపెడితే నున్నగా మెరుస్తుంది. మదనికల నడుముల ఒంపులూ నగల అంచులూ ఎనిమిది వందల ఏళ్లు దాటినా చెదరకుండా ఉన్నాయంటే ఆ కణాల చలవ కూడా ఉంది. ఇక శిఖరానికి రాయే వాడలేదు. నీళ్లలో వేస్తే తేలేంత తేలికైన ఇటుకలు పేర్చారు. పునాదిలో ఇసుక నింపారు.

చుట్టుపక్కల దొరికింది వాడుకున్నారు, ఇందులో ఎంపిక ఏముంది అని ఎవరైనా అడగవచ్చు. దొరికిందే చాలనుకుంటే బొమ్మలనూ గోడల ఇసుకరాయిలోనే చెక్కేవాళ్లు. శిల్పికి అదే సులువు, డోలరైట్ మీద ఉలి త్వరగా మొద్దుబారుతుంది. శ్రమ పెరిగినా, సన్నని పని ఉన్న చోటికి ఆ రాయిని తెచ్చారు. దాన్ని యాదృచ్ఛికం అనలేం.

ఇంకో అభ్యంతరం బరువైనదే. గుడిని కాపాడింది ఇసుక పునాదేనంటారు. అది అంత గొప్పదైతే మండపం నేల ఎందుకు ఎగుడుదిగుడైంది? పక్కనున్న కామేశ్వరాలయాన్ని పునర్నిర్మాణం కోసం పూర్తిగా విప్పాల్సి ఎందుకొచ్చింది? ఈ ప్రశ్నలను దాటవేయకూడదు. ఇసుక ఒక్కటే గుడిని కాపాడిందని చెప్పడం అతిశయోక్తి. నేల కుంగినా రామప్ప స్తంభాలూ దూలాలూ నిలిచాయంటే, పైన బరువు తగ్గించిన ఆ ఇటుకలకూ అందులో వాటా ఉండాలి. శిఖరాన్నీ రాతితోనే కట్టి ఉంటే, కుంగిన నేల మీద కట్టడం మోయాల్సిన భారం చాలా పెరిగేది.