ముందు గిరి గీయాలి, తర్వాతే పిలవాలి

రిచువల్ మ్యాజిక్ మీద రాస్తున్నానంటే మా హాస్టల్ వింగ్‌లో సగం మంది నిమ్మకాయలు, పుర్రెల గురించి అడిగారు. అవేవీ లేవండి బాబూ. నేను యేట్స్ కవిత్వం చదవబోయి ఇటు వచ్చాను. 1923లో నోబెల్ అందుకున్న ఆ ఐరిష్ కవి 1890లో లండన్‌లో ఒక రహస్య సంఘంలో చేరాడు. దాని పేరు హెర్మెటిక్ ఆర్డర్ ఆఫ్ ది గోల్డెన్ డాన్. 1888లో దాన్ని పెట్టిన ముగ్గురిలో వెస్ట్‌కాట్ అనుమానాస్పద మరణాల మీద విచారణ చేసే అధికారి, వుడ్‌మన్ డాక్టరు, మూడో ఆయన మేథర్స్. ఆడవాళ్లని కూడా సమానంగా చేర్చుకున్నారు. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు.

కొత్తగా చేరినవాళ్లకి అక్కడ ఇచ్చే మొదటి సాధన దేవదూతల్ని రప్పించి మాట్లాడటం లాంటిదేం కాదు. 'లెస్సర్ రిచువల్ ఆఫ్ ది పెంటగ్రామ్' అనే చిన్న తంతు. తూర్పుకి తిరిగి నిలబడి నుదురు, గుండె, కుడి భుజం, ఎడమ భుజం వరసగా తాకుతూ హీబ్రూ మాటలు పలకాలి. తర్వాత తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం తిరుగుతూ గాల్లో ఐదు కోణాల నక్షత్రం గీసి, ఒక్కో దిక్కుకి ఒక్కో దైవనామం చెప్పాలి. మామూలు గొంతుతో కాదు, ఛాతీ అదిరేలా సాగదీసి. మళ్లీ తూర్పుకి వచ్చి ఎదురుగా రఫేల్, వెనక గేబ్రియేల్, కుడివైపు మైకేల్, ఎడమవైపు యూరియల్ నిలబడ్డారని ఊహించుకోవాలి. చివర్లో మొదటి భాగం ఇంకోసారి. నక్షత్రాన్ని ఏ కోణం నుంచి ఎటు గీశామన్నదాన్ని బట్టి అది పిలుపు అవుతుంది, లేదా పంపించెయ్యడం అవుతుంది. పొద్దున పిలుపు, సాయంత్రం పంపకం అని వాళ్ల నియమం.

నాకైతే ఇందులో వినాయక చవితి పూజ పుస్తకమే కనిపించింది. మనమూ కూర్చోగానే ఆవాహన చెయ్యం కదా. ఆచమనం అయ్యాక అక్షింతలు వాసన చూసి వెనక్కి వేస్తాం. అడ్డొచ్చే భూతాల్ని పొమ్మనడం అది. ఆ తర్వాత ప్రాణాయామం, సంకల్పం, కలశపూజ. అప్పుడు గానీ స్వామిని రమ్మనం. పూజ అయ్యాక ఉద్వాసన. స్తోత్రాల ముందు చేసే అంగన్యాసం, దిగ్బంధం కూడా ఒంటిని తాకడం, దిక్కుల్ని కట్టడమే. ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారన్న వాదనలోకి నేను పోను. పిలిచే ముందు చోటు సిద్ధం చెయ్యాలని ఇద్దరికీ తెలుసు.

ఆ సంఘంలోనే కొన్నాళ్లున్న అలిస్టర్ క్రౌలీ ఒక తేడా చెప్పాడు. ఇన్వొకేషన్ అంటే లోపలికి పిలవడం, ఎవొకేషన్ అంటే బయటికి రప్పించడం. సినిమాల్లో చూపించేది రెండోది. కొత్తవాళ్ల పని మొదటి దానితోనే. రోజూ చేసింది డైరీలో రాయమని కూడా ఆయన పట్టుబట్టేవాడు. మన ల్యాబ్ రికార్డు లాగే, కాకపోతే రీడింగులు పక్కవాడి దగ్గర కాపీ కొట్టడానికి కుదరదు. నేను రెండు నెలలుగా రాస్తున్నాను. ఎవరూ రాలేదు. ఎక్కువ రోజులు 'మైకేల్ దగ్గరే ధ్యాస పోయింది' అనే ఉంది. నిద్ర పట్టక, లేని గొంతులు వినిపిస్తున్నవాళ్లు మాత్రం దీని జోలికి రావద్దు. వాళ్లు వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి.

ఈ వ్యాసం సగంలో ఉండగా ఒక జూనియర్ వచ్చి, "అన్నా, దీంతో మా అమ్మతో మాట్లాడొచ్చా?" అన్నాడు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. కుదరదనే చెప్పాను. ఈ తంతు పోయినవాళ్లని పిలవడానికి కాదు, పిలుస్తామని డబ్బులడిగేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దనీ చెప్పాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. పోయినవాళ్లని పేరూ గోత్రమూ చెప్పి పిలిచే రోజు మనకి ఒకటుంది కదా అన్నాను. సంవత్సరీకం తిథి ఎప్పుడో కనుక్కోవడానికి వాడు అక్కడి నుంచే వాళ్ల నాన్నకి ఫోన్ చేశాడు.