తొంభై సెకన్లలో తేలేది ఏమిటి?

2024 మే 30న అమెరికాలోని మేరీలాండ్‌లో స్క్రిప్స్ జాతీయ స్పెల్లింగ్ బీ ముగింపుకొచ్చేసరికి ఇద్దరు పన్నెండేళ్ల పిల్లలు మిగిలారు. తెలంగాణ మూలాలున్న బృహత్ సోమ ఒకరు, హైదరాబాదు మూలాలున్న ఫైజాన్ జకీ మరొకరు. 2019లో పోటీ ఎంతకీ తేలక ఎనిమిదిమందిని ఒకేసారి విజేతలుగా ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఇబ్బంది మళ్లీ రాకూడదని నిర్వాహకులు 2021లో ‘స్పెల్ ఆఫ్’ అనే నియమం తెచ్చారు. 90 సెకన్లలో ఎవరు ఎక్కువ పదాల అక్షరక్రమం సరిగ్గా చెబితే గెలుపు వారిది. బృహత్ 30 పదాలు అందుకుని 29 సరిగ్గా చెప్పాడు. ఫైజాన్ తొమ్మిది పదాలు వెనకబడ్డాడు. ఏడాది తిరిగేసరికి అదే ఫైజాన్ మళ్లీ వచ్చి గెలిచాడు. రెండో స్థానంలో ఆగినవారు తిరిగొచ్చి గెలవడం 2001 తర్వాత అదే మొదటిసారి. ఇలాంటి ఫలితాలు చూసి, గెలిచినవారికి ఎక్కువ తెలుసని, ఓడినవారికి తక్కువ తెలుసని అనుకుంటాం. హోరాహోరీ పోటీల్లో ఆ లెక్క సరిపోదని నా వాదన. అక్కడ తేలేది తెలిసిన విషయం ఎంత త్వరగా నోటికొస్తుంది, నోరు తెరవడానికి సరైన క్షణం ఏది అన్న రెండు సంగతులే.

90 సెకన్లలో 30 పదాలంటే పదానికి మూడు సెకన్లు. పదం వినడం, గుర్తుపట్టడం, అక్షరాలు పలకడం అన్నీ అందులోనే. మామూలు రౌండ్లలో అర్థం అడగొచ్చు, పదం ఏ భాష నుంచి వచ్చిందో అడగొచ్చు. ఇక్కడ ఆ తీరిక లేదు. మనసు నిర్ణయాలెలా తీసుకుంటుందో వివరించడానికి రోజర్ రాట్‌క్లిఫ్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1978లో ఒక నమూనా ప్రతిపాదించాడు. దాని ప్రకారం మెదడు ఆధారాలను కొంచెం కొంచెంగా పోగుచేసుకుంటుంది, అవి ఒక హద్దు దాటగానే జవాబు ఖాయం చేస్తుంది. తొందరలో ఉంటే ఆ హద్దును కిందికి దించుకుంటాం. జవాబు త్వరగా వస్తుంది, తప్పూ అంతే సులువుగా దొర్లుతుంది.

ఈ మాటకు 2025 ఫైనల్లో ఫైజానే సాక్ష్యం. కప్పు చేతికందేంత దగ్గరలో ఉండగా ‘కమెలైనా’ అనే పదం వచ్చింది. అడగాల్సిన ప్రశ్నలేవీ అడగకుండా కె, ఎ, ఎం అని మొదలుపెట్టి ఆగిపోయాడు. పదం సి, ఓ లతో మొదలవుతుంది. పోటీ మళ్లీ మొదటికొచ్చింది. విచిత్రమేమిటంటే, చివరికి అతన్ని గెలిపించిన ‘ఎక్లేర్సిస్మాఁ’ అన్న ఫ్రెంచి మూలపు పదాన్ని కూడా అతను ఒక్క ప్రశ్నా అడగకుండానే చెప్పాడు. అదే పిల్లవాడు, అదే తొందర. ఒకసారి పోటీ చేజారబోయింది, ఒకసారి కప్పు దక్కింది. ఆ కొద్దిసేపట్లో అతని జ్ఞానం పెరగనూ లేదు, తరగనూ లేదు.

స్క్రిప్స్‌లో గెలిచినవారు మళ్లీ పోటీ చేయకూడదు. అమెరికా టీవీ క్విజ్ ‘జెపర్డీ’లో మాత్రం ఓడేదాకా ఆడొచ్చు. 2004లో కెన్ జెన్నింగ్స్ వరసగా 74 ఆటలు గెలిచాడు. ఆ ఆటలో ప్రశ్న చదవడం పూర్తయి దీపం వెలిగాకే బటన్ నొక్కాలి. ముందే నొక్కితే పావు సెకను పాటు బటన్ పనిచేయదు. రోజూ ఆడేవాడికి ఆ లయ వేళ్లకు పట్టేసి ఉంటుంది, కొత్తవారికి ఉండదు. 75వ ఆటలో జెన్నింగ్స్, ఒక్కరే పందెం కాసి జవాబు చెప్పే ‘డైలీ డబుల్’ ప్రశ్నలు రెండింట్లో తప్పాడు. ఆఖరి ప్రశ్నకు ముందు ఆయన దగ్గర 14,400 డాలర్లు, ప్రత్యర్థి నాన్సీ జెర్గ్ దగ్గర 10,000 ఉన్నాయి. ఆమె 4,401 పందెం కాసి, సరిగ్గా రాసి, 14,401కి చేరింది. ఆయన తప్పు రాసి 8,799కి పడిపోయాడు. డైలీ డబుల్‌కు గానీ ఆఖరి ప్రశ్నకు గానీ బటన్ పోటీ లేదన్నది ఇక్కడ గమనించాలి. పాత విజేతకు వేళ్ల అలవాటు అక్కరకు రాని చోటే ఆట చేజారింది.

వేగం కూడా జ్ఞానానికి గుర్తే కదా, బాగా తెలిసినదే కదా త్వరగా తోచేది అని ఎవరైనా అడగొచ్చు. అందులో నిజముంది. బృహత్ ముప్పైలో ఒక్కటే తప్పాడంటే అది అడ్డదిడ్డపు ఊహ కాదు, గట్టిగా నాటుకున్న జ్ఞాపకం. కానీ ఆ జ్ఞాపకం మూడు సెకన్లలో పలకాలంటే గడియారంతో విడిగా సాధన చేయాలి. అలాగైతే ఇదంతా అదృష్టమేనా అంటే, అదీ కాదు. మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఏంజెలా డక్‌వర్త్ బృందం ఈ స్పెల్లింగ్ పోటీ పిల్లల మీదే చేసిన అధ్యయనం 2011లో అచ్చయింది. సరదాగా చదువుకోవడం కంటే, ఇతరులతో ప్రశ్నలడిగించుకోవడం కంటే ఒంటరిగా కూర్చుని పదాలు సాధన చేసినవారే ముందుకెళ్లారని అది చూపింది. పిల్లలకు అతి కష్టంగా, అతి తక్కువ ఇష్టంగా అనిపించిన పనీ అదే. ఫైనల్ దాకా తెచ్చేది ఆ శ్రమ. అక్కడికి చేరినవారంతా అలా శ్రమించినవారే కాబట్టి, ఆఖరి తేడా ఇంకెక్కడి నుంచో రావాలి.

మన కృష్ణా జిల్లాలోని కృత్తివెన్ను, బంటుమిల్లి, గుడివాడ బడుల్లో క్విజ్‌లు పెట్టే మాస్టార్లు దీన్ని పట్టించుకుంటే బాగుంటుంది. రెండు జట్లు సమానమైనప్పుడు గంట ఎవరు ముందు కొడితే వారికే ప్రశ్న అనే పద్ధతి, నిరుడు ఆడిన జట్టుకు అనుకూలం. దానికి బదులు రెండు జట్లకూ ఒకే ప్రశ్న ఇచ్చి, అర నిమిషంలో పలక మీద జవాబు రాయించవచ్చు. గంటే కావాలనుకుంటే, కొత్తగా వచ్చిన పిల్లల చేత ముందురోజే నాలుగుసార్లు కొట్టించి చూడాలి.