మొక్కులూ పాచికలూ

ప్రాక్స్ అనే మెట్టభూమిలో తిరిగే సంచార తెగలు ఒక కథ చెప్పుకుంటాయి. లోకాన్ని చీకటి కమ్మేసి, తిండి దొరక్క మనుషులూ పశువులూ ఒక్కతీరున చచ్చిపోతున్న కాలంలో వాహా అనే దేవుడు వాళ్ల మధ్య ఒప్పందం కుదిర్చాడట. ఒక్కో తెగలో మనిషికీ మృగానికీ పోటీ. గెలిచినవాళ్లు ఓడినవాళ్లను మేపుకుని, వాళ్ల పాలతో, మాంసంతో బతకాలి. ఓడినవాళ్లు తెలివి పోగొట్టుకుని గడ్డి మేయాలి. బైసన్ తెగలో మనిషి గెలిచాడు. ఇంపాలా తెగలో, లామా తెగలో కూడా మనిషే. ఒక్క చోట ఫలితం తిరగబడింది. చిన్న తొండంలాంటి ముక్కుండే టాపిర్ జంతువును పోలిన మోరోకాంత్‌లు గెలిచి, వాళ్ల జతగాళ్లయిన మనుషులు ఓడారు. అప్పటి నుంచి మోరోకాంత్‌ల మందల్లో మేత మేసేవి మనిషి రూపంలోని పశువులు.

ఇది ఏ దేశపు పురాణమూ కాదు. గ్లొరాంథా అనే కల్పిత లోకంలోని కథ. అమెరికాకు చెందిన గ్రెగ్ స్టాఫర్డ్ 1966లో, కాలేజీలో చదువుకుంటున్న రోజుల్లో ఈ లోకం గురించి రాయడం మొదలుపెట్టాడు. 2018లో కన్నుమూసేదాకా దాన్ని పెంచుతూనే ఉన్నాడు. ఆయన పోయాక కూడా ఆ లోకం మీద కొత్త పుస్తకాలు వస్తున్నాయి. గ్లొరాంథా పుస్తకాలన్నిటిలో ఒక్కదాన్నే పట్టుకుని వివరించాలంటే నేను 1979లో వచ్చిన ‘కల్ట్స్ ఆఫ్ ప్రాక్స్’నే తీసుకుంటాను. ఒక లోకాన్ని ఇతరులు ఆడుకునేలా ఎలా రాయాలన్న ప్రశ్నకు ఇంత సూటిగా జవాబిచ్చిన పుస్తకం నాకు మరొకటి కనిపించలేదు.

ఈ ఆటలు తెలియనివారి కోసం ముందు నాలుగు మాటలు. రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుంటారు. గేమ్ మాస్టర్ అనే ఒకరు మిగతా లోకమంతా తానై నడిపిస్తారు. ‘మీరు గుడారం దగ్గరికి వచ్చారు, కాపలావాడు ఈటె ఎత్తాడు, ఏం చేస్తారు?’ అని ఆయన అడుగుతాడు. ఆటగాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. అది నెగ్గుతుందో లేదో తేలని చోట పాచికలు వేస్తారు. ఇలాంటి ఆటల్లో మొదట అచ్చయి పేరు తెచ్చుకున్నది 1974 నాటి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. నాలుగేళ్ల తర్వాత, 1978లో, స్టీవ్ పెర్రిన్, ఆయన మిత్రులు తయారుచేసిన నియమాలతో ‘రూన్‌క్వెస్ట్’ వచ్చింది. దాన్ని ప్రచురించిన కేయోసియం సంస్థ స్టాఫర్డ్ పెట్టినదే. గ్లొరాంథా నేపథ్యంగా తాను రూపొందించిన ‘వైట్ బేర్ అండ్ రెడ్ మూన్’ అనే యుద్ధపు బోర్డు గేమ్‌ను అచ్చు వేసుకోవడానికి 1975లో ఆయన ఆ సంస్థ మొదలుపెట్టాడు.

నియమాల పుస్తకం ఆట ఎలా ఆడాలో చెబుతుంది. ఎక్కడ ఆడాలో, అక్కడ ఎవరుంటారో, వాళ్లకు ఎవరితో పడుతుందో, ఎవరితో పడదో చెప్పేది సోర్స్‌బుక్. దాన్ని నవలలాగా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి పక్కన పెట్టరు. గేమ్ మాస్టర్ అవసరమైన పేజీ తీసి, అందులోంచి ఒక ఊరినో శత్రువునో తగాదానో బయటికి లాగుతాడు. అందువల్ల సోర్స్‌బుక్‌కు పెట్టవలసిన పరీక్ష వేరు. చదివాక మన పాత్ర రేపు ఏం చేయాలో, ఏం చేయకూడదో తట్టాలి. ఆ కాలపు సోర్స్‌బుక్కులు చాలావరకు పటాలు, రాజుల జాబితాలు, రాక్షసుల లెక్కలతో నిండి ఉండేవి. రాజుగారి తాత పేరు తెలిసినంత మాత్రాన నా పాత్ర పొద్దున లేచి ఏం చేస్తుందో నాకు తెలియదు.

‘కల్ట్స్ ఆఫ్ ప్రాక్స్’ ఇక్కడే దారి మార్చింది. అందులో ఉన్నది 15 దేవతారాధనల వివరం. కల్ట్ అంటే ఇక్కడ ఒక దేవుడు, ఆ దేవుడి కథ, ఆయన్ను కొలిచేవాళ్ల సమాజం, వాళ్ల కట్టుబాట్లు అన్నీ కలిపి. ఒక్కో అధ్యాయం దేవుడి పుట్టుపూర్వోత్తరాలతో మొదలవుతుంది. తర్వాత ఆయన భక్తులు లోకంలో ఏ పని చేస్తారో, వాళ్లకు ఎవరు మిత్రులో, ఎవరు శత్రువులో వస్తుంది. ఆ తర్వాత అసలు సంగతి. మామూలు భక్తుడిగా చేరాలంటే ఏం చేయాలి, దీక్ష పుచ్చుకోవాలంటే ఏ పరీక్ష నెగ్గాలి, పూజారి కావాలంటే ఏం వదులుకోవాలి, అందుకు ప్రతిఫలంగా ఏ శక్తులు దక్కుతాయి. మన ఇళ్లలో వ్రతకల్పం పుస్తకం చూసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. కథ, విధానం, ఫలం మూడూ ఒకే చోట ఉంటాయి. ఏ ఒక్కటి తీసేసినా మిగతా రెండూ నిలబడవు.

రూన్‌క్వెస్ట్ నియమాలు కూడా ఇందుకు అనువుగా కుదిరాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆటగాడు ముందుగా యోధుడో మాంత్రికుడో ఒక తరగతి ఎంచుకోవాలి. అప్పటి నియమాల్లో యోధుడికి మంత్రం రాదు. రూన్‌క్వెస్ట్‌లో అలాంటి తరగతులు లేవు. ప్రతి నైపుణ్యానికీ ఒక శాతం ఉంటుంది. కత్తి 60 శాతం వస్తే, పదిముఖాల పాచికలు రెండు వేసి 60 గానీ అంతకు లోపు గానీ పడితే దెబ్బ తగిలినట్టు. వాడిన నైపుణ్యమే పెరుగుతుంది. మంత్రం అందరికీ అందుబాటులో ఉంటుంది. ఎవరు నేర్పుతారు, ఏ షరతు మీద నేర్పుతారు అన్నదే తేడా. ఆ నేర్పేవాళ్లు కల్ట్‌లు. దీక్ష తీసుకున్నవాడు తన ఆత్మశక్తిలో కొంత శాశ్వతంగా దేవుడికి సమర్పిస్తే ఒక దివ్యమంత్రం దక్కుతుంది. కానీ దాన్ని ఒక్కసారే వాడగలడు. పూజారి అయినవాడు మళ్లీ ప్రార్థించి ఆ మంత్రాన్ని తిరిగి తెచ్చుకోగలడు. వీరప్రభువు హోదా కావాలంటే అయిదు నైపుణ్యాల్లో 90 శాతం చేరాలి. అంటే ఆటలో పైకి ఎదగడమంటే ఒక సమాజంలోకి ఇంకా లోతుగా దిగడమే. పాత్ర బలపడుతున్నకొద్దీ దాని మీద బాధ్యతలూ పెరుగుతాయి. ఈ ఒక్క ఆలోచన కోసమే ఈ పుస్తకాన్ని చదవమంటాను.

రెండు కల్ట్‌లను దగ్గరగా చూద్దాం. హుమాక్ట్ మృత్యుదేవుడు, ఖడ్గానికి అధిపతి. ఆయన భక్తులు వట్టి కిరాయి కత్తులని పొరబడే వీలుంది. కానీ వాళ్లు మాటకు కట్టుబడేవాళ్లు, మోసమంటే పడనివాళ్లు. హుమాక్ట్ తన భక్తుడికి వరాలిస్తాడు, ప్రతి వరంతో పాటు ఒక నిషేధం కూడా పెడతాడు. విషం జోలికి పోకూడదనో, మాటు వేసి కొట్టకూడదనో, ఫలానా రోజున మాంసం ముట్టకూడదనో. వీటన్నిటినీ మించినది ఒకటుంది. చావు వాళ్ల దేవుడిదే కాబట్టి చచ్చిన హుమాక్ట్ భక్తుడిని తిరిగి బతికించకూడదు.

చలానా అరోయ్ వైద్యానికి దేవత. ఆమె భక్తులు ప్రాణికి హాని చేయబోమని ఒట్టు పెట్టుకుంటారు, మాంసం తినరు. చచ్చినవాళ్లను బతికించే మంత్రం వాళ్ల చేతుల్లో ఉంది.

ఇప్పుడు ఈ ఇద్దరినీ ఒకే గుంపులో పెట్టండి. ఏళ్ల తరబడి కలిసి తిరిగారు. ఆమె గాయాలు మాన్పుతుంటే అతను ఆమెకు అడ్డుగా నిలబడ్డాడు. ఒక రాత్రి అతను పోయాడు. ఆమెకు అతన్ని లేపే విద్య వచ్చు, అతని దేవుడు మాత్రం ఒప్పుకోడు. ఈ ఘట్టాన్ని గేమ్ మాస్టర్ కష్టపడి అల్లనక్కర్లేదు. రెండు అధ్యాయాల్లోని రెండు నియమాలు ఒకదానికొకటి ఎదురుపడ్డాయి, అంతే. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు కాసేపు పాచికలు పక్కన పెట్టి మాట్లాడుకోవాల్సి వస్తుంది. గొప్ప సోర్స్‌బుక్ కథను రాసివ్వదు, కథ పుట్టక తప్పని చోట్లను సిద్ధం చేసి పెడుతుంది.

ఆ గుంపులోకి స్టార్మ్ బుల్ భక్తుడిని తెస్తే ఇంకో చిక్కు. గ్లొరాంథాలో కేయాస్ అనేది సృష్టిని తినేసే కల్లోలం. ప్రాక్స్‌లో స్టార్మ్ బుల్ దాని అధిపతితో పోరాడి, పర్వతమంత రాతిబండ కింద వాడిని అణగదొక్కాడని కథ. ఆ బండ ఇప్పటికీ మైదానంలో ఉంది, పటంలో చూపిస్తారు. స్టార్మ్ బుల్ భక్తులు కేయాస్‌ను వాసన పట్టినట్టు పసిగడతారు, కనిపిస్తే నరుకుతారు. మేక తలతో ఉండి రోగాలు అంటించే బ్రూ ఒకడు గాయపడి లొంగిపోయాడనుకోండి. వైద్యురాలు ప్రాణం తీయనివ్వదు. స్టార్మ్ బుల్ భక్తుడు ప్రాణంతో వదలడు. ఖడ్గధారి ‘లొంగితే చంపను’ అని అప్పటికే మాట ఇచ్చి ఉంటే? ముగ్గురిలో ఎవరిదీ తప్పు కాదు. ముగ్గురూ తమ తమ ధర్మం ప్రకారమే నడుస్తున్నారు.

మతం రాజకీయం కాకుండా ఉండదన్న ఎరుక కూడా ఈ పుస్తకంలో ఉంది. ఎర్రచంద్ర దేవతను కొలిచే లూనార్ సామ్రాజ్యం ఆ లోకపు లెక్కలో 1610లో పావిస్ నగరాన్ని పట్టుకుంది. దాని వెనకే సెవెన్ మదర్స్ ఆరాధన వచ్చింది. ఆ కల్ట్ అందరినీ రమ్మంటుంది. కొత్తవాళ్లను చేర్చుకోవడమే దాని పని. గాలికీ తుఫానుకూ దేవుడైన ఓర్లాంత్ భక్తులకు ఆ గుడి పరాయి పాలనకు గుర్తు. పుస్తకం సామ్రాజ్యాన్ని దుష్టశక్తిగా తేల్చి పారేయదు. సెవెన్ మదర్స్‌కు కూడా మిగతా దేవుళ్లతో సమానంగా ఒక అధ్యాయం, ఒక పురాణం, చేరడానికి తగిన కారణాలు ఉన్నాయి. ఆటగాడు కావాలంటే ఆ పక్షాన నిలబడి ఆడవచ్చు. కల్పిత లోకాల్లో శత్రువుకు ఇంత మర్యాద దక్కడం ఆ రోజుల్లో అరుదు.

పుస్తకంలో నాకు బాగా నచ్చిన మరో ఏర్పాటు బిటురియన్ వారోష్. అతను వర్తకుడు, బేరానికీ మాటకూ దేవుడైన ఇసారీస్ భక్తుడు. ప్రాక్స్ అంతా తిరుగుతూ అతను రాసుకున్న యాత్రావిశేషాలు ముక్కలు ముక్కలుగా అధ్యాయాల మధ్య వస్తాయి. నియమాల భాగంలో ‘ఈ కల్ట్ వారు ఫలానా’ అని పొడిగా చెప్పినదాన్ని వర్తకుడు ఎదురుపడి చూస్తాడు. లాభం కోసం వచ్చిన పరాయివాడు కాబట్టి దేన్నీ పొగడడు, తెగడడు. ఎవరితో ఎలా మాట్లాడితే తలకాయ దక్కుతుందో చూసుకుంటాడు. ఆటగాళ్లు కూడా ఆ లోకానికి పరాయివాళ్లే, అందుకే అతని కళ్లు వాళ్లకు సరిగ్గా సరిపోతాయి.

చిన్న వివరాల్లోనూ ఈ లోకానికి తనదైన ముద్ర ఉంది. జ్ఞానదేవుడు లాంకర్ మై పండితులకు గడ్డం ఉండాలి. ఆ కల్ట్‌లోని స్త్రీలు పెట్టుడు గడ్డం కట్టుకుంటారు. పశువును కోసేటప్పుడు వాహా నేర్పిన పద్ధతిలో, దాని ఆత్మ పశుమాత ఐరీథా దగ్గరికి ప్రశాంతంగా చేరేలా కోయాలి. అది ఆటలో ఒక నైపుణ్యం, దానికీ శాతం ఉంది. ఆకలేసి మాంసం వండుకోవడం కూడా పాచికలతో, పాపపుణ్యాలతో ముడిపడిన పనే అవుతుంది. మొదట చెప్పిన ఒప్పందపు కథ ఇక్కడ నియమంగా మారి ఆటగాడి చేతికి వస్తోంది.

గ్లొరాంథా పుస్తకాల్లో లోపాలు లేకపోలేదు. తర్వాతి దశాబ్దాల్లో ఆ లోకం మీద సమాచారం కొండలా పెరిగింది. 2014లో వచ్చిన ‘గైడ్ టు గ్లొరాంథా’ రెండు భారీ సంపుటాలు. పటాల కోసం, ఆ విస్తృతి కోసం అది గొప్ప పుస్తకమే. కానీ కొత్తగా వచ్చినవాడి చేతిలో పెడితే, ఇదంతా చదివితే తప్ప ఆడకూడదేమోనని బెదిరిపోతాడు. ఆ భయం పోగొట్టడానికే ఈ ఆట ఆడేవాళ్లలో ఒక మాట స్థిరపడింది: మీ గ్లొరాంథా మారుతుంది. పుస్తకంలో ఏం రాసి ఉన్నా మీ బల్ల దగ్గర జరిగిందే మీకు నిజం. అది మంచి సూత్రం. అయినా సంపుటాలు అలా బరువెక్కుతుంటే దాన్ని నమ్మడం కష్టమే.

ఇప్పుడు మొదలుపెట్టాలనుకునేవారికి దారులు ఉన్నాయి. ‘రూన్‌క్వెస్ట్: రోల్‌ప్లేయింగ్ ఇన్ గ్లొరాంథా’ 2018లో వచ్చింది. 2023 నుంచి ‘కల్ట్స్ ఆఫ్ రూన్‌క్వెస్ట్’ పేరుతో ఆరాధనల వివరాలు సంపుటాలుగా వస్తున్నాయి. పాత ‘కల్ట్స్ ఆఫ్ ప్రాక్స్’ కూడా రూన్‌క్వెస్ట్ క్లాసిక్ వరసలో మళ్లీ వచ్చింది. నా సలహా పాతదానితోనే మొదలుపెట్టమని. నలుగురు కూర్చుని, పుస్తకం మొత్తం చదివే ప్రయత్నం మానేసి, ఒక్కొక్కరు ఒక్కో దేవుడి అధ్యాయం పంచుకోండి. తన దేవుడు ఏం అడుగుతాడో, ఏం ఇస్తాడో ఒక్కొక్కరూ మిగతావాళ్లకు చెప్పండి. గేమ్ మాస్టర్ ఆ నలుగురినీ మోరోకాంత్‌ల విడిదికి తీసుకెళ్లి, మేత మేస్తున్న మందను చూపిస్తే చాలు. ఆ మందను విడిపించాలని ఒకరంటారు, అది వాహా చేసిన ఒప్పందం, తప్పకూడదని ఇంకొకరంటారు, వెల ఎంతని వర్తకుడు అడుగుతాడు.