ఇన్సేన్: తాతగారి వర్క్‌షాపు, ర్యాపర్ జైలు

ఇన్సేన్ అనే పేరు మా ఇంట్లో నేను పుట్టకముందు నుంచీ ఉంది. యాంగాన్ శివారులోని ఆ ఊళ్లో రైల్వే వర్క్‌షాపు ఉంది. మా తాతగారు అందులో పనిచేసి, 1942లో జపాన్ సైన్యం వచ్చాక అందరితో పాటు నడిచి తిరిగొచ్చారు. కాకినాడ పక్క కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లినవాళ్లని తెలుగువాళ్లందరినీ అక్కడ ‘కోరంగీలు’ అనేవారట. ఈ కథంతా ఆఫీసులో ఒక బర్మా కుర్రాడికి గొప్పగా చెప్పాను. అతను నవ్వలేదు. వాళ్లకి ఇన్సేన్ అంటే జైలే. బ్రిటిష్ వాళ్లు 1887లో కట్టింది. ఆ రోజే అతను నాకు ఫోన్‌లో ఒక ర్యాప్ పాట వినిపించి, పాడిన మనిషి గురించి చెప్పాడు.

ఆయన పేరు ఫ్యో జేయా థో. 1981లో పుట్టారు. అనెగ్గ, హైన్ జో, యాన్ యాన్ చాన్‌లతో కలిసి ‘యాసిడ్’ అనే బృందం పెట్టి 2000లో తొలి ఆల్బం తెచ్చారు. బర్మా భాషలో మొదటి హిప్ హాప్ ఆల్బం అదేనంటారు.

అదెందుకంత సంచలనమైందో తెలియాలంటే అప్పటి బర్మా పాటల వ్యాపారం తెలియాలి. అక్కడ హిట్ పాటలు చాలావరకు ‘కాపీ’ పాటలే. ఇంగ్లిష్ ట్యూన్ అలాగే ఉంచి బర్మా మాటలు అతికించేవారు. (మన సినిమావాళ్లని ఏమీ అనక్కర్లేదు, ఆ విద్య మనకీ వచ్చు!) పైగా ప్రతి పాట సాహిత్యం ముందు సెన్సార్ బోర్డుకి వెళ్లాలి. ఆ పరిస్థితుల్లో సొంత మాటలతో, వీధి యాసలో నలుగురు కుర్రాళ్లు గొంతెత్తితే జనం ఎగబడ్డారు. ప్రభుత్వం పేరెత్తకుండానే కరెంటు లేని, ఉద్యోగం లేని బతుకు గురించి పాడితే వినేవాడికి అర్థం కాదా?

ఇక ర్యాప్ అమెరికా సరుకు అని కొట్టిపారేయడానికీ లేదు. ఏప్రిల్‌లో నీటి పండుగ తింజాన్‌కి బర్మాలో ‘తాంజాట్’ అని ఒక ఆట ఉంది. ఒకరు డప్పు దరువు మీద ఎత్తిపొడుపు మాట అంటే, గుంపు వంత పాడుతుంది. దొరతనాన్ని ఎద్దేవా చేస్తుంది కాబట్టి సైన్యం దాన్ని చాలా ఏళ్లు నిషేధించింది. మన బుర్రకథ గుర్తొచ్చింది నాకు. నిజాం ప్రభుత్వమూ, మద్రాసు ప్రభుత్వమూ దానికి భయపడ్డాయి కదా.

రెగేకి కూడా బర్మాలో చోటుంది. కరెన్ జాతి గాయకుడు సా ఫో ఖ్వార్ పేరు దానికి పర్యాయపదం. ఇన్సేన్‌లో కరెన్ జనం ఎక్కువ. 1949లో వాళ్ల తిరుగుబాటు దళాలకీ ప్రభుత్వానికీ దాదాపు నాలుగు నెలలు పోరు సాగింది ఆ ఊళ్లోనే.

2007 ఆగస్టులో సైనిక ప్రభుత్వం సీఎన్‌జీ ధర ఒక్కసారిగా ఐదు రెట్లు చేసింది. జనం, ఆ తర్వాత బౌద్ధ భిక్షువులు రోడ్డెక్కారు. ఆ ఉద్యమం అణచివేత తర్వాత జేయా థో మిత్రులతో ‘జనరేషన్ వేవ్’ పెట్టారు. వాళ్ల ఒక పని నాకు భలే నచ్చింది. గ్యాస్ బళ్ల మీద ‘సీఎన్‌జీ’ అని స్టిక్కర్లు ఉంటాయి కదా, అవే అక్షరాలతో ‘చేంజ్ న్యూ గవర్నమెంట్’ అని స్టిక్కర్లు అంటించారు. 2008 మార్చిలో ఆయన్ని పట్టుకున్నారు. చట్టవిరుద్ధ సంస్థ పెట్టినందుకు ఐదేళ్లు, విదేశీ డబ్బు దగ్గర ఉన్నందుకు ఇంకో ఏడాది శిక్ష. 2011లో విడుదలయ్యారు.

మరుసటి ఏడాదే ఉప ఎన్నికలో ఆంగ్ సాన్ సూచీ పార్టీ తరఫున నేపిడాలో, అంటే సైన్యం కట్టుకున్న రాజధానిలోనే, గెలిచారు. 2015లో మళ్లీ గెలిచారు. 2020లో మాత్రం పోటీ చేయలేదు. మళ్లీ పాటల వైపు రావాలనుకున్నారట.

2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది. నవంబరులో ఆయన్ని అరెస్టు చేశారు. యాంగాన్ లోకల్ రైల్లో ఐదుగురు పోలీసులు చనిపోయిన కాల్పులతో సహా దాడులు నడిపించారని సైన్యం ఆరోపణ. సైనిక కోర్టు తలుపులు మూసుకుని విచారించి 2022 జనవరిలో ఉరిశిక్ష వేసింది. బర్మాలో ఉరి అమలై అప్పటికి మూడు దశాబ్దాలు దాటింది, అందుకే ఇది కూడా కాగితం మీదే ఉంటుందని చాలామంది అనుకున్నారు.

జులై 22న ఇన్సేన్ జైలు నుంచి వీడియో కాల్‌లో తల్లి ఆయనతో మాట్లాడారు. చదువుకోవడానికి కళ్లజోడు, ఒక నిఘంటువు, కొంచెం డబ్బు పంపమని అడిగారట. జులై 25న ప్రభుత్వ పత్రికలో వార్త వచ్చింది, ఆయనతో పాటు మరో ముగ్గురి ఉరి అమలైందని. ఆయన వయసు 41. శవాల్ని కుటుంబాలకి ఇవ్వలేదు.