మెదక్‌ను నడిచి చూడండి

మా మైలార్‌దేవ్‌పల్లి నుంచి మెదక్ చర్చికి వెళ్లొచ్చేవాళ్లు తక్కువేం కాదు. పొద్దున్నే కారులో బయల్దేరతారు. చర్చి ముందు ఫొటోలు దిగి, ఏడుపాయల అమ్మవారికి దండం పెట్టుకుని, చీకటి పడేసరికి ఇంటికి చేరిపోతారు. అంత మంచి ఊరిని అరపూటలో చుట్టేసి రావడం నాకు బాధగా ఉంటుంది.

నా కూతురు ఇంగ్లండ్‌లోని డర్హమ్‌లో చదువుకునేటప్పుడు వెళ్లి కొన్నాళ్లు దాని దగ్గర ఉన్నాను. బిషప్ పీఠం ఉన్న చర్చిని కతీడ్రల్ అంటారు. డర్హమ్ కతీడ్రల్ కట్టడం 1093లో మొదలైంది. దాని ఎదురుగా కోట, రెంటినీ చుట్టి కింద పారే వేర్ నది. అక్కడికి వచ్చినవాళ్లు వారమంతా ఆ ఒక్క చర్చినే చూస్తారు. ఒకరోజు నది గట్టు మీద నుంచి, ఒకరోజు వంతెన మీద నుంచి, ఒకరోజు అంగళ్ల వీధిలో నుంచి. వాళ్లతో నడుస్తుంటే నా మనసు మెదక్ మీదికే పోయింది. పెద్ద చర్చి, కొండ మీద కోట, దగ్గర్లో నది మనకూ ఉన్నాయి కదా!

అందుకే ఈసారి మెదక్‌లో చిన్నమ్మ ఇంట్లో వారం ఉండాలనే వెళ్లాను. కాచిగూడలో రైలెక్కాను. అక్కన్నపేట నుంచి మెదక్ దాకా పట్టాలు పడి 2022లో రైలు మొదలయ్యాక, మా వైపు వాళ్లకు దారి సులువైంది. నా సంచి చూసి చిన్నమ్మ ఆశ్చర్యపోయింది. "చర్చి ఒక్కపూటల అయిపోతది గద బిడ్డా, వారం దినాలు ఏం చూస్తవ్?" అంది.

ముందు చర్చి గురించే చెప్పాలి. వెడల్పు నూరడుగులు, పొడవు రెండు వందల అడుగులు, గంట గోపురం ఎత్తు 175 అడుగులు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ 1914లో పని మొదలుపెట్టించారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. ఆ పదేళ్లలో ప్రపంచ యుద్ధం వచ్చింది, ఈ ప్రాంతాన్ని కరువు పీడించింది. తిండిలేక వచ్చినవాళ్లకు ఊరికే పెట్టకుండా ఈ కట్టడంలో పని ఇచ్చి గింజలు ఇచ్చారు. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లూ మగవాళ్లూ రాయి మోశారు, సున్నం కలిపారు. నేల మీది రంగుల పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి, వాటిని పరిచింది ఇటలీ మేస్త్రీలు. ఇటలీ మేస్త్రీల పేరు గైడ్లు గట్టిగా చెబుతారు. మన పల్లెల కూలీల సంగతి కూడా అంతే గట్టిగా చెప్పాలని నా కోరిక. ఆకలి కడుపులతో మోసిన రాళ్లు అవి.

ప్రతిష్ఠ నాటికి ఇది కతీడ్రల్ కాదు. బ్రిటన్ మెథడిస్టులకు బిషప్‌లు ఉండరు. 1947లో వేర్వేరు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక మెదక్‌కు బిషప్ వచ్చారు, చర్చి కతీడ్రల్ అయింది.

లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమర్చారు. మూడూ లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవే. రంగు ఆ గాజులోనే ఉంది కాబట్టి బయటి ఎండే దానికి ప్రాణం. పొద్దు వాలాక లోపల ఎన్ని దీపాలు పెట్టినా ఆ బొమ్మలు కనిపించవు. ఒకే కిటికీని పొద్దున చూశాను, మధ్యాహ్నం మళ్లీ చూశాను, మబ్బు పట్టినప్పుడు ఇంకోసారి చూశాను. నీలం ఒక్కోసారి ఒక్కోలా ఉంది. అరగంటలో వెళ్లిపోయేవాళ్లకు ఇది దొరకదు. క్రిస్మస్‌కు లక్షల్లో జనం వస్తారు, ఆ సందడి అందమే వేరు. కిటికీలు చూడాలంటే మాత్రం మామూలు రోజున రండి.

కోట ఎక్కడానికి తెల్లవారుజామే మేలు, ఎండెక్కితే రాయి కాలుతుంది. కాకతీయుల నాటి కోట ఇది, తర్వాత కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. సింహద్వారం, గజద్వారం దాటి పైకి వెళ్తే వాళ్ల కాలపు మసీదు, ధాన్యపు కొట్లు, ఒక ఫిరంగి ఉన్నాయి. గజద్వారం దగ్గర ఏనుగుల బొమ్మలను తడిమి చూడకుండా ముందుకు కదల్లేకపోయాను. పైనుంచి చూస్తే చెరువులు, వరి మళ్లు, వాటి మధ్యలో చర్చి గోపురం. డర్హమ్‌లో కోట, చర్చి పక్కపక్కనే ఉంటాయి. ఇక్కడ రెంటి మధ్యా ఒక ఊరు బతుకుతోంది. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

ఏడుపాయలకు చిన్నమ్మ కూడా వచ్చింది. మంజీర అక్కడ ఏడు పాయలుగా చీలుతుంది, బండల మధ్య వనదుర్గమ్మ గుడి. వరద పెద్దగా వస్తే గుడిలోకే నీళ్లొస్తాయి. "శివరాత్రి జాతరకు రా, అప్పుడు సూడాలె జనం" అని చిన్నమ్మ దారంతా చెబుతూనే ఉంది. నది మీద ఘనపూర్ ఆనకట్ట 1905 నాటిది. ఆ నీళ్లతోనే చుట్టూ పంటలు. పోచారం చెరువు దగ్గర ఒక పూట గడిపాను. అడవి, నీళ్లు, పక్షులు, అంతే. అలసిన కాళ్లకు అది చాలు.

తిరుగు ప్రయాణం బస్సులో, నర్సాపూర్ మీదుగా. ఆ దారిలోనే కొల్చారం ఉంది. కాళిదాసు రఘువంశానికి, కుమారసంభవానికి, మేఘసందేశానికి వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి ఇంటిపేరు కోలాచలం, ఆయనది ఈ ఊరేనంటారు. దేశమంతా సంస్కృతం చదువుకునేవాళ్లు ఆయన వ్యాఖ్య పట్టుకునే కాళిదాసును చదివారు. మెదక్ వెళ్లేవాళ్లు కొల్చారంలో కూడా దిగి, కాసేపు ఆ వీధుల్లో నడవండి. కండక్టరుకు ముందే చెబితే ఆపుతాడు.